ఆవిడే సెప్పాలి

నన్ను తెచ్చి ఈ కుర్చీలో కూలేసిన పాపం గిరిబాబుదే. మా ఈశ్వరి తమ్ముడు. శ్రీకాకుళంలో మందుల షాపులో ఇన్నేళ్ళుగా చీటీలు చదివి మాత్రలు కత్తిరించి ఇస్తున్నాడు కాబట్టి తాను సగం డాక్టరునని వాడి నమ్మకం. ఆరు సార్లు ఎల్తే సాలు బావా, ఏడోది అక్కర్లేదు, కాలి కింద నేల గట్టిగా నిలబడతాది అన్నాడు. ఆరు సార్లంటే ఆరు సూదులనుకున్నాను నేను, పిచ్చికుక్క కరిస్తే లెక్కపెట్టి పొడుస్తారే, అలాగ. సూది లేదు, మాత్ర లేదు, నాలుక చాపమన్నవాళ్ళు లేరు, చెయ్యి పట్టుకు చూసినవాళ్ళు లేరు. రెండు కుర్చీలు, మధ్యన చిన్న బల్ల, బల్ల మీద ఒక గడియారం, ఒక కాగితపు రుమాళ్ళ డబ్బా. ఏడుస్తాడని ముందే తుడుచుకోవడానికి పెట్టారన్నమాట, భోజనానికి పిలిచి విస్తరి పక్కనే చీపురు పెట్టినట్టు. ఎదురుగా శైలజ మేడం. ముప్పై దాటి ఉండవు. పొందూరు పిల్లట, నేత చీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. నేనూ చూస్తున్నాను. ఇది ఆరోది, ఇదే ఆఖరిది, పైన ఫ్యాను తిరుగుతోంది, గడియారం మొహం ఆవిడ వైపుంది, నాకు దాని వీపే కనిపిస్తోంది, ఎంతసేపయిందో ఆవిడకి తెలుసు నాకు తెలియదు, బయట బెంచీ మీద ఈశ్వరి టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఈవేళతో తేలిపోతుందని అమ్మోరికి కోడిని కూడా మొక్కింది. తేలకపోతే దానికి ఏం చెప్పాలి. కోడికి ఏం చెప్పాలి.

నా జబ్బు చెప్పుకుంటే నవ్వుతారు. నిలబడితే నేల జారుతుంది. నా కాళ్ళ కింద చాప పరిచి, దాని అంచు పట్టుకుని ఎవరో నెమ్మదిగా లాగుతున్నట్టు. సిమెంటు రోడ్డు మీదా అంతే, ఇంట్లో గచ్చు మీదా అంతే, మంచం ఎక్కితే మంచంకోళ్ళ కింద మొదలవుతుంది. తడి మట్టి వాసన తగిలితే చాలు, దొరికిన గోడ పట్టుకోవాలి. బస్సులో మాత్రం హాయిగా ఉంటాను. కళింగపట్నం బస్సు గతుకుల్లో ఎగిరి పడుతుంటే అందరూ తిట్టుకుంటారు, నేను కళ్ళు మూసుకుని కునుకు తీస్తాను, అన్నీ కదులుతున్నప్పుడు నేనూ కదిలితే తప్పేముంది. చెవి డాక్టరు చెవిలో నీళ్ళు కొట్టి చూశాడు. విశాఖపట్నంలో గొట్టంలాంటి మిషనులోకి తోసి తలకాయ ఫొటోలు తీశారు. ఏమీ లేదు అన్నారు. ఏమీ లేదని చెప్పడానికి అంత పెద్ద మిషనా. ఏమీ లేకపోతే ఈశ్వరి ఎందుకు ఊళ్ళోవాళ్ళ మళ్ళల్లో నడుం వంచి కూలి చేస్తోంది, నేను ఎందుకు పగలంతా అరుగు మీద గోడకి వీపు ఆనించి, రెండు చేతులతో అరుగు అంచు పట్టుకుని కూర్చుంటున్నాను. నేల మీద నిలబడలేనివాడు రైతేమిటి, చెట్టెక్కలేని కోతిలాగ. గిరిబాబు ఆ కాయితాలు అటూ ఇటూ తిరగేసి, ఇది మనసుకి సంబంధించింది బావా, కౌన్సిలింగ్ అన్నాడు. ఆ మాట గొంతు తగ్గించి అన్నాడు. షాపులో కొన్ని సామాన్లు అడిగితే నల్ల కవరులో వేసి, పైన పేపరు చుట్టి ఇస్తాడు, అలాగ చుట్టి ఇచ్చాడు ఆ మాటని.

ఒక్కటి మాత్రం వాడికి గట్టిగా చెప్పాను. ఆవిడకి నువ్వు ఏటీ సెప్పకు. ఎవరు, ఏ ఊరు, ఏటయినాది, ఒక్క ముక్క వద్దు. కళ్ళు తిరుగుతన్నాయి, నిద్ర నేదు, అంతే. ఈశ్వరికీ అదే చెప్పాను, నువ్వు గుమ్మం దాటి లోపలికి రావద్దు, బెంచీ మీదే కూకో అని. వాడు బుర్ర గోక్కున్నాడు. అలాక్కాదు బావా, ఇక్కడ మనమే అన్నీ సెప్పుకోవాలి అన్నాడు. ఆవిడే సెప్పాలిరా అన్నాను. చదువుకున్న మనిషని నువ్వే అంటన్నావు కదా, సెప్తాదో నేదో సూద్దాం.

ఇది నా తెలివి కాదు, మా అమ్మ అసిరమ్మ తెలివి. నాన్న జ్వరంతో మంచం దిగనప్పుడు సోది చెప్పే ముసలామెను పిలిపించింది అమ్మ. నేను అప్పటికి బడి మానలేదు, ఆరో ఏడో చదువుతున్నాను. ఇల్లు అలికి, దీపం పెట్టి, చేటలో బియ్యం పోసి ముసలామె ముందు పెట్టింది. ఆమె రాక ముందే నన్ను తలుపు వెనక్కి లాగి తొడ మెలిపెట్టి చెప్పింది, నోరిప్పావంటే నాలిక కోసేస్తాను. మనం సెప్పిందే పసుపు రాసి మనకే ఇచ్చెస్తారు ఈల్లు. ఏటీ సెప్పకుండా కూకుంటే, తెలిసినదైతే సెప్తాది, తెలవనిదైతే ఎల్తాది. అందరం నోళ్ళు కుట్టుకుని కూర్చున్నాం. ముసలామె బియ్యంలో వేళ్ళు తిప్పుతూ ఆవలించింది, మళ్ళీ ఆవలించింది, కళ్ళు పైకి పోయాయి, గొంతు మారింది. ఏటి గట్టు కనిపిస్తన్నాది. గట్టు కాడ ఒక ఆడది నిలబడ్డాది. ఎర్ర రవిక అడుగుతన్నాది. గంగమ్మని మర్సిపోనారు. అమ్మ ఒక్కసారి గొల్లుమంది. ఆ ఏడు గట్టు పోసినప్పుడు మొక్కుకున్న రవికగుడ్డ అమ్మ నిజంగానే మర్చిపోయింది. నాన్న లేచాడు. రవికగుడ్డకి లేచాడో, టెక్కలి ఆసుపత్రిలో ఎక్కించిన సెలైనుకి లేచాడో నేను చెప్పలేను, లేచాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒకరోజు మడిలో నీళ్ళు కడుతుండగా నాకు తట్టింది, నాన్న మంచం మీద పడుకుని ఉంటే కాళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి, మడమల పగుళ్ళలో ఏటి ఒండ్రు ఉంది, ముసలామె లోపలికి వస్తూ ముందు చూసింది ఆ కాళ్ళనే. అందుకే శైలజ మేడం దగ్గరికి మొదటిసారి వచ్చిన రోజు వీధి కుళాయి దగ్గర కాళ్ళు రుద్ది రుద్ది కడుక్కున్నాను, ఆధారం దొరక్కూడదని. కడుగుతూ కడుగుతూ చూసుకున్నాను. కడగడానికి ఏమీ లేదు. మడమల పగుళ్ళు పూడిపోయి ఉన్నాయి. సంతలో బట్టలమ్మేవాడి కాళ్ళలాగ ఉన్నాయి.

అదే, ఆ కాళ్ళు చూస్తే తెలియాలి కదా. తెలిసినవాళ్ళకి తెలియాలి. ఈవిడ నా కాళ్ళ వంక చూడనే లేదు. నవ్వుతూ, జగన్నాధం గారూ, ఈ ఆరు సార్లు అయ్యేసరికి మీకు ఏం జరిగితే బాగుంటుందనుకుంటున్నారు, మా దగ్గర ఏం ఆశించి వచ్చారు అంది. ఏ సోది ముసలామైనా అడుగుతుందా ఆ మాట. మీరే సెప్పాలమ్మా అన్నాను. నేను చెప్పేదంటూ ఏమీ ఉండదండి, ఇద్దరం కలిసి వెతుక్కుందాం అంది. బావి తవ్వేవాణ్ణి పిలిస్తే పలుగు నా చేతికిచ్చి, నువ్వు అటు మొదలెట్టు నేను ఇటు మొదలెడతాను అన్నట్టుంది. సరే, ఇంకా చూద్దాం అనుకున్నాను. అమ్మ ఇంకో మాట కూడా చెప్పేది, మరీ అనుమానంగా ఉంటే ఒక అబద్ధం వెయ్యి, చేపకి ఎర వేసినట్టు, తెలిసినదైతే ఉమ్మేస్తాది అని. మీరేం చేస్తుంటారు అని మేడం అడిగింది. వ్యవసాయం అన్నాను. పొలం ఎక్కడ అంది. వంశధార ఒడ్డున, మీద కొబ్బరితోట, కింద వరిమడి అన్నాను. అని ఆవిడ కళ్ళలోకి చూశాను. ఇప్పుడు చెప్పాలి. నీకు పొలమెక్కడిదయ్యా, అది ఏట్లో ఉంది, పోయినేడాది ఏట్లోకి పోయింది అని చెప్పాలి. చెప్తే ఆవిడ కాళ్ళ మీద పడిపోదును. అప్పుడు అన్నీ చెప్పేద్దును. ఆవిడ, ఓహో, వరి ఇప్పుడు ఏ దశలో ఉంటుందండి అంది.

పొట్ట మీద ఉందమ్మా అన్నాను.

అక్కడ మొదలైంది. అప్పటికి దసరాలు. చుట్టుపక్కల అందరి వరీ పొట్ట మీదే ఉంది, నాదీ ఉండాలి కదా ఉంటే. రెండోసారి వెళ్ళేసరికి, పంట ఎలా ఉందండి అని తనే అడిగింది. ఈనిందమ్మా అన్నాను. ఈనడం అంటే ఏమిటి అంది, పొందూరు పిల్లవై ఉండి నీకు తెలీదా అన్నాను, మాది మగ్గం ఇల్లండి, ఎండ తగలనివ్వలేదు అంది. చెప్పాను. వెన్ను ఎలా బయటికి తొంగి చూస్తుందో, ఆ నాలుగు రోజులు మడిలోకి ఎవరూ దిగకూడదని, గర్భిణీ మనిషి ఉన్న ఇంట్లో నడిచినట్టు గట్టు మీద నడవాలని చెప్పాను. మూడోసారికి పాలు పోసుకుంది. నాలుగోసారికి గింజ గట్టిపడి తల వంచింది. ఐదోసారికి రంగు తిరిగింది, నీళ్ళు తీసేశామమ్మా అన్నాను. మధ్యలో తోట సంగతులు, ఏ చెట్టు కాయ తీపి, ఏ చెట్టుకి ఉడుతల బెడద, మోటారు షెడ్డు మీద రేకు గాలికి ఎలా మోగుతుంది. నేను చెప్తుంటే ఆవిడ వింటుంది. నమ్మి వింటుంది, అదే నాకు మంట. ఇంత చదివి ఒక అబద్ధాన్ని పట్టుకోలేని మనిషి నా లోపల ఏం జరుగుతోందో ఏం పట్టుకుంటుంది. ప్రతిసారీ చివర్లో, పదిలో ఈవేళ ఎంత అని అడుగుతుంది, సున్నా అంటే అసలు బాగోలేదు, పదంటే పూర్తిగా బాగుంది. నేను ఏడు అంటాను. ఏడో క్లాసు దాకానే చదివాను, ఏడు దగ్గర నాకు భయం లేదు. ఎనిమిది కావాలంటే ఏం జరగాలండి అంటుంది. ఎనిమిది జరగదమ్మా, మా నాన్న మానిపించేశాడు అందామనుకుని ఊరుకున్నాను.

కానీ ఒకటుంది. ఎవరికీ చెప్పనిది. ఈ గదిలో, ఈ కుర్చీలో, ఆవిడకి ఆ మడి సంగతి చెప్తున్నంతసేపూ నేల జారదు. మొదటిసారి గమనించలేదు. రెండోసారి చెప్పులు విప్పి అరికాళ్ళు గచ్చుకి ఆనించి చూశాను. నిలకడగా ఉంది. గది దాటి బెంచీ దగ్గరికి రాగానే మళ్ళీ చాప లాగడం మొదలు. వారానికి ఒక్క గంట నాకు భూమి ఉంటోంది. ఆ గంట కోసమే వస్తున్నానని గిరిబాబుకి తెలిస్తే గుణం కనిపించిందని ఊరంతా చాటింపు వేస్తాడు. గుణమా. ఆ మధ్య మబ్బు పట్టి గాలివాన కొడితే, ఈశ్వరి బట్టలు తీస్తుంటే, అరుగు మీంచి గబుక్కున అనేశాను, వరి పడిపోతాదేమోనే. అది చేతిలో బట్టలతో అలాగే నిలబడిపోయింది. ఎవురి వరి, అంది. అది లోపలికెళ్ళి ఆ బట్టలు మడత పెట్టకుండా చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు మొక్కిందే కోడిని.

మూడోసారి ఈవిడ ఇంకో ప్రశ్న వేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాలో తిట్టాలో తెలీదు. రాత్రి పడుకున్నారనుకోండి, మీరు నిద్రలో ఉండగా ఏదో మహిమ జరిగి మీ బాధంతా పోయిందనుకోండి, తెల్లారి లేచి మొదట ఏం చూస్తారు, దేన్ని బట్టి మీకు తెలుస్తుంది అది పోయిందని, అంది. నేను ఆలోచించనేలేదు. పొలం సూస్తానమ్మా అన్నాను. ఆవిడ కొంచెం ముందుకి వంగి, అది రోజూ చూస్తూనే ఉన్నారు కదండీ, అంది.

చూస్తూనే ఉన్నాను తల్లీ. రోజూ చూస్తూనే ఉన్నాను. పొంగినప్పుడు పోలేదది. ఆ మాట చెప్తే టౌనువాళ్ళు నమ్మరు. పైన కొండల్లో వానలు కురిసి ఏరు పసుపు నీళ్ళై గట్టు అంచు దాకా వచ్చి, మూడు రాత్రులు మేమంతా లాంతర్లు పట్టుకుని కాపలా కాస్తే గట్టు ఆగింది, నీళ్ళే గట్టుని ఒత్తి పట్టుకుని నిలబెట్టాయి. పోయింది ఏరు తీశాక. నీళ్ళు దిగిపోయాయి, ఎండ వచ్చింది, అందరూ ఇళ్ళకెళ్ళి నిద్రలు పోయారు, ఒడ్డు మట్టి లోపల నీళ్ళు తాగి బరువెక్కి ఉంది, పట్టుకునే చెయ్యి లేదు. మధ్యాహ్నం అన్నం తిని ఒకసారి చూసొద్దామని వెళ్ళాను. గాలి లేదు, వాన లేదు, కొంగలు వాలి ఉన్నాయి. చెట్ల వెనక నుంచి మడి దాకా నేల మీద ఒక బీట కనిపించింది, తలలో పాపిడి తీసినంత సన్నం. నా ఒక కాలు బీటకి ఇవతల ఉంది, ఒకటి అవతల ఉంది. చూస్తుండగా పాపిడి వెడల్పయింది. చప్పుడు లేదు. నేను ఇవతలికి కాలు లాక్కున్నాను, అంతే నేను చేసింది. నాన్న పాతిన మూల చెట్టు, కాయలతో, మట్టలతో, తలెత్తుకుని, నిలబడ్డది నిలబడ్డట్టే బయల్దేరింది. కూలిపోతే చెట్టు కూలిందనుకునేవాణ్ణి. అది కూలలేదు. చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళే మనిషిలాగ నిటారుగా నా ముందు నుంచి వెళ్ళింది, కొంతదూరం పోయి అప్పుడు మెల్లగా తల వంచింది. దాని వెనక రెండోది. దాని వెనక మోటారు షెడ్డు, రేకు ఒక్కసారి మోగింది. తర్వాత మడి, ఈనబోయే మడి, పచ్చగా, ముక్కలు ముక్కలుగా, కత్తితో కోసి పళ్ళెంలోంచి తీసుకుంటున్నట్టు. ఆ సాయంత్రానికి ఏరు మళ్ళీ ఏమీ ఎరగనట్టు పారుతోంది. కొలవడానికి వచ్చిన మనిషి ఒడ్డున నిలబడి, నీళ్ళలో గొలుసు ఎక్కడ వేస్తాం బాబూ అన్నాడు, తప్పు అతనిది కాదు, నిజంగానే ఎక్కడ వేస్తాడు.

తప్పు ఎవరిదని. అదే నాకు కావలసింది. సోది ముసలామె ఎంత అబద్ధం చెప్పినా ఒకటి మాత్రం చెప్పి తీరుతుంది, ఎవరి వల్ల జరిగిందో. గంగమ్మ అని చెప్తుంది, దిష్టి అని చెప్తుంది, పక్కింటివాడి కన్ను అని చెప్తుంది, ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళకి రవికగుడ్డ పెట్టవచ్చు, తిట్టవచ్చు, కోడిని కొయ్యవచ్చు. ఈవిడ అయిదు సార్లు కూర్చోబెట్టి ఒక్క పేరు చెప్పలేదు. అందుకని నేనే గిరిబాబుని పెట్టుకున్నాను. రెండేళ్ళ కిందట రొయ్యల చెరువులవాళ్ళని తీసుకొచ్చింది వాడే. ఇచ్చెయ్ బావా, ఏటి ఒడ్డు భూమి, ఇయ్యాల ఉంటాది రేపుంటాదో నేదో, మంచి రేటు ఉన్నాది అన్నాడు. నీ అక్కని కూడా అమ్మెయ్యిరా అని వాకిట్లోంచి తరిమాను. పొలం పోయినప్పటి నుంచీ ఇప్పటి దాకా వాడు ఒక్కసారి కూడా, నేను సెప్పలేదా బావా, అనలేదు. అంటే చెంప పగలగొడదామని నేను చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. అనడు. పళ్ళు తెస్తాడు, మాత్రలు తెస్తాడు, బస్సెక్కించి దింపుతాడు, అనడు. వాడి మంచితనం నా గొంతు మీద కాలేసి తొక్కుతోంది. ఇంక ఈవిడొకర్తె, ఈవిడా అనదు.

జగన్నాధం గారూ, అంది ఆవిడ. ఉలిక్కిపడ్డాను. గొంతు మెత్తగా ఉంది, ఆఖరి రోజని ఆవిడకీ ఉన్నట్టుంది. ఈవేళ మనం మాట్లాడుకోవడానికి ఇంకా కొంచెం టైముందండి. మీరు ఈ గదిలోకి వచ్చినప్పటి కంటే ఇప్పుడు తేలిగ్గా ఉన్నారని నాకనిపిస్తుంది, ముఖ్యంగా పంట గురించి చెప్పేటప్పుడు. మీకూ అలాగే అనిపిస్తోందా. నేను తల ఊపాను, అవునని కాదు, విన్నానని. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది, పాపం అనీ అనిపించింది, అడ్డతోవ చూపిస్తే నమ్మి ఎండలో అంతదూరం నడిచొచ్చిన మనిషిని చూసినట్టు.

కోతలైపోయాయా, అంది. ఈ ఏడు ఎంత పండింది?

చెప్పాలి. ఇన్ని చెప్పినవాణ్ణి ఇదొక్కటి చెప్పలేనా. ఇన్ని బస్తాలు అంటే అయిపోతుంది, ఆవిడ సంతోషిస్తుంది, పదిలో ఎంత అంటుంది, ఏడు అంటాను, దణ్ణం పెట్టి లేస్తాను, ఈశ్వరి కోడిని కోస్తుంది. నోరు తెరిచాను. కళ్ళ ముందు కళ్ళం వచ్చింది. నాన్న తలపాగా చుట్టి, తూర్పుకి తిరిగి, కుంచంతో ధాన్యం ఎత్తుతున్నాడు. మొదటి కుంచానికి ఒకటి అనకూడదు మాలో, లాభం అనాలి. లాభం, రెండు, మూడు. ఎంత కరువు ఏడైనా, చేతిగుడ్డంత మడైనా, మొదటిది లాభమే. కాటాలు వచ్చాక, బస్తాలు వచ్చాక కూడా నేను మొదటి బస్తా ఎత్తేటప్పుడు పెదాల మీదే అనుకునేవాణ్ణి. ధాన్యం ఉంటేనే ఆ మాట. ఖాళీ కుంచం ముంచి ఆ మాట అన్నవాడికి మరి పండదంటారు. పొట్ట మీద ఉందన్నాను, ఈనిందన్నాను, పాలు పోసుకుందన్నాను, అవి మాటలు. ఇది కొలత. లా, అని నాలుక పైకి వెళ్ళింది, అక్కడే అంగిటికి అంటుకుపోయింది. ఎంత లాగినా రాదు. ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ చూస్తోంది. అరికాళ్ళ కింద గచ్చు మెల్లగా, చాలా మెల్లగా, కదలడం మొదలెట్టింది, ఈ గదిలో, ఇక్కడ కూడా. కుర్చీ చేతులు పట్టుకున్నాను. పోతోంది. ఇది కూడా పోతోంది. ఇన్ని వారాలు దున్నుకున్నది, నీళ్ళు పెట్టుకున్నది, ఈవిడ నమ్మకం మీద నిలబెట్టుకున్నది, మళ్ళీ సన్నగా పాపిడి పడుతోంది, మళ్ళీ నా కాలు ఒకటి ఇవతల ఒకటి అవతల.

పండలేదమ్మా, అన్నాను.

ఆవిడ ఎందుకని అడగలేదు.

పంట లేదు. మడి లేదు. నీకు సెప్పినవన్నీ ఏట్లో ఉన్నాయి. పోయినేడే పోయినాయి. నువ్వే సెప్తావని సూసినాను. నువ్వు సెప్పలేదు.

ఇంక తిడుతుందనుకున్నాను. ఇన్నాళ్ళు నా టైము పాడు చేశావంటుందనుకున్నాను, లేదంటే ఆ కాగితాల డబ్బా నా వైపు తోస్తుందనుకున్నాను, తోస్తే విసిరి కొడదామనుకున్నాను. లేదంటే ఇప్పుడైనా ఒక పేరు చెప్తుందేమోనని, నా ఆశ చూడు, అప్పుడు కూడా ఆవిడ నోటి వంకే చూస్తున్నాను. ఆవిడ మొహంలో రంగు పోయింది. చేతులు ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. అయిదు వారాలు పుస్తకంలాగ మాట్లాడిన మనిషి, ఏవండీ గారూ అన్న మనిషి, పొందూరులో వాళ్ళమ్మతో మాట్లాడినట్టు అంది:

"ఎంత పోనాది బాబాయ్?"

ఎవరూ అడగలేదు నన్ను ఆ మాట. ఊళ్ళోవాళ్ళకి తెలుసు కాబట్టి అడగలేదు. గిరిబాబు భయపడి అడగలేదు. చెవిలో నీళ్ళు కొట్టినవాళ్ళు, తల ఫొటో తీసినవాళ్ళు, వాళ్ళకెందుకు. నేల కదులుతూనే ఉంది, తగ్గలేదు, అబద్ధమెందుకు. కుర్చీ చేతులు వదలకుండా, కుంచంతో ఎత్తి పోసినట్టు ఒక్కొక్కటీ చెప్పాను. తోట ఇరవై రెండు సెంట్లు. మడి డెబ్బై ఒకటి. కాయితంలో రాసింది అంతే, తొంభై మూడు. కానీ గట్టుందమ్మా, ఏటి వైపు గట్టు, అది కాయితంలో లేదు, అది మా నాన్నా నేనూ పారతో ఎత్తి పోసుకున్నది, ఏ సర్వేవాడూ రాసుకోనిది, అర సెంటు. గట్టుతో కలిపి తొంభై మూడున్నర సెంట్లు.